ఎక్సురే చిత్రమున కానరాని విఱుపు

కాలుజారి పడిన పిల్లవానిని ఆసుపత్రికి తీసికొనిపోయి ఎక్సురే తీయించి, ఆ ఫిల్మును కిటికీ వెలుగున కెత్తి చూడని ఇల్లు మనలో అరుదు. ఇప్పుడు ఆ చిత్రము సెల్‌ఫోనులోనికే వచ్చుచున్నది గాని, చూచువారి ఆతురత మాఱలేదు. గీత యేమియు లేదు, ఎముక విఱుగలేదని ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందుము. ఆ తీర్పు ఎంతవఱకు నమ్మదగినది?

1895 లో జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరమున రాంట్జెన్ మహాశయుడు ఈ కిరణములను కనుగొని, తన భార్య చేతి యెముకలను చిత్రించెను. నిజమునకు ఎక్సురే చిత్రము ఒక నీడ. ఎముకలోని సున్నము కిరణముల నడ్డగించును గనుక ఎముక తెల్లగాను, కండ బూడిదరంగుగాను కనబడును. విఱిగినచోట నల్లని గీతయో, అంచున మెట్టువంటి ఎత్తుపల్లమో గోచరించును. కాని నీడకు లోతు లేదు. ముందునుండి చూచిన సరిగా నున్న యెముక, ప్రక్కనుండి చూచిన తొలగి యుండవచ్చును. అందువలననే కనీసము రెండు దిశలనుండి చిత్రములు తీయుదురు. ఒకటి చాలదా, రెండవదాని ఖర్చెందుకని గొణుగుకొన్నవారిలో మేమును ఉంటిమి. భుజపు కీలు వెనుకకు తొలగినప్పుడు ముందునుండి తీసిన చిత్రము దాదాపు సరిగా నున్నట్లే తోచి మోసపుచ్చును.

పిల్లల విషయమున చిక్కు వేఱు. ఎదుగుచున్న యెముక కొనలయందలి మృదులాస్థి పలక చిత్రమున నల్లని చారగా కనబడును. దానిని చూచి విఱిగెనని బెదరువారు కలరు. సందేహము కలిగిన, వైద్యులు ఒక్కొక్కప్పుడు రెండవ చేతిని గూడ చిత్రించి పోల్చుకొందురు.

అన్నిటికంటె మోసకారి మణికట్టులోని 8 చిన్న యెముకలలో నొకటి. పడవవలె నుండుటచే దానిని స్కాఫాయిడ్ అందురు. పడుచువాడు సైకిలు మీదనుండియో, ఆటలోనో అఱచేయి నేల కానించి పడును. నొప్పి యుండును, వాపు అంతగా నుండదు. మొదటి చిత్రమున గీత కానరాకపోవచ్చును. బెణుకేనని నూనె రాచి ఊరకుందురు. బొటనవ్రేలిని బాగుగా చాచిన, దాని మొదట నొక గుంట యేర్పడును. పూర్వము పొడుము పీల్చువారు పొడుము పోసికొనిన గుంట యిదియే. అచ్చట నొక్కగా నొప్పి కలిగెనేని, చిత్రము నిర్దోషముగా నున్నను వైద్యులు చేతిని కట్టులో నుంచి, 10, 14 దినముల నడుమ మరల చిత్రము తీయుదురు. అప్పటికి విఱిగిన యంచులు కొంత కరగి గీత బయటపడును. ఎమ్మారై సౌకర్యము గలచోట ఇంకను ముందే తెలియును.

ఇంత జాగ్రత్త యేల? ఈ యెముకకు రక్తము ప్రధానముగా వ్రేళ్లవైపు కొననుండి ప్రవేశించి ముంజేతివైపునకు పాఱును. నడుమ విఱిగినచో ఆ వెనుకటి ముక్కకు రక్త మందక అది నిర్జీవము కావచ్చును. ఏండ్లు గడచిన పిమ్మట మణికట్టు అరిగి బిగిసి, నీళ్ల బిందె యెత్తుటయు కష్టమగును.

నొప్పి తగ్గినదని రెండవ చిత్రము మానుకొనువారు కలరు. నొప్పి తగ్గినను పోవలెను. పోవునప్పుడు మొదటి చిత్రమును గూడ వెంట తీసికొనిపోవుడు. రెండును ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు మార్పు సులభముగా తెలియును.