కవరు చిన్నదే, ఖరీదు పెద్దది



ఇయ్యాల రుమేనియా ముచ్చట చెప్తా. అక్కడ సర్కారు దవాఖానల వైద్యం కాగితం మీద ఉచితమే. కానీ ఆపరేషనుకు పోయేటోళ్లు జేబుల కవరు పెట్టుకొని పోవుడు అలవాటైంది. డాక్టరుకో కవరు, నర్సుకో కవరు. దీన్ని వాళ్లు 'ష్పగా' అంటరు. మన దగ్గర చేయి తడుపుడు అన్నట్టు.

ఇది నిన్న మొన్నటి రోగం కాదు. 1980లలో, చౌసెస్కూ పాలనలో, దుకాణాల్లో సరుకుల్లేవు. అప్పుడు డాక్టరుకైనా, గుమాస్తాకైనా కెంట్ సిగరెట్ ప్యాకెట్టే లంచం. 1989 డిసెంబరులో చౌసెస్కూ పోయిండు, కమ్యూనిస్టు పాలన పోయింది. ప్యాకెట్టు జాగాల కవరు వచ్చింది. 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరినంక కూడా అది పోలేదు.

జీతాలు తక్కువ, ఏం చేస్తరు పాపం అని జనం సరిపెట్టుకున్నరు. చిన్న లంచంతోని ఎవరి కొంప మునుగుతదనుకున్నరు.

మునిగింది. 2015 అక్టోబర్ 30 రాత్రి బుకారెస్టులో కొలెక్టివ్ అనే క్లబ్బు తగలబడ్డది. దానికి అగ్నిమాపక శాఖ పర్మిషనే లేదు. అయినా నడిచింది. 64 మంది చనిపోయిండ్రు. సగానికి పైగా తర్వాతి రోజుల్లో దవాఖానల్లో పోయినోళ్లే. కాలిన గాయాలకు ఇన్‌ఫెక్షన్లు తోడైనయి. 'అవినీతి చంపుతది' అని జనం రోడ్డెక్కిండ్రు. ప్రధాని పొంటా దిగిపోయిండు. 2016లో ఒక ఆటల పత్రిక విలేకరులు ఇంకో ఘోరం బయటపెట్టిండ్రు. క్రిములను చంపే మందులో నీళ్లు కలిపి ఒక కంపెనీ వందల దవాఖానలకు అమ్మింది! ఆరోగ్య మంత్రి రాజీనామా చేసిండు.

2017 జనవరి 31 రాత్రి కొత్త సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. అధికార దుర్వినియోగంతో జరిగిన నష్టం 2 లక్షల లేయి లోపుంటే నేరం కాదట! లేయి అంటే వాళ్ల డబ్బు. గడ్డకట్టే చలిలో లక్షల మంది బయటికొచ్చిండ్రు. ఐదు రోజుల్లో ఆర్డినెన్స్ వాపస్. అధికార పార్టీ అధినేత ద్రాగ్నియా 2019 మేలో జైలుకు పోయిండు. పార్టీ పని చేసే ఇద్దరికి శిశు సంరక్షణ శాఖ నుంచి జీతాలిప్పించిన కేసది.

2018లో అక్కడ డాక్టర్ల జీతాలు బాగా పెంచిండ్రు. అయినా కవరు పూర్తిగా పోలేదు. ఎందుకు? మంచం మీదున్న బిడ్డ కోసం తల్లి కవరిచ్చేది ఇష్టంతోని కాదు, భయంతోని. ఆ తల్లిని తప్పుపట్టి ఏం లాభం?

ఉద్యోగ మిత్రులారా, బల్ల అవతల నిలబడ్డోళ్లది భయం. ఇవతల కూసున్నోళ్లది అలవాటు. ముందుగాల పోవాల్సింది అలవాటే.