రెండు వారాలు దాటిన నోటిపుండును దాచుకోవద్దు

(అరకులోయ ప్రాంత గిరిజన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కాఫీ ధర గురించి, పోడు పట్టాల గురించి మాట్లాడుకోవడానికి వచ్చాం. తప్పక మాట్లాడుకుందాం. ముందు ఒక్క పది నిమిషాలు నోటి గురించి చెప్పనివ్వండి.

మా పెద్దమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కలుపు తీసేది. గాలికి ఆరిపోదు, బిడ్డ మీద బూడిద రాలదు అనేది. ఒక ఏడాది చోడి కోతలప్పుడు అంగిట్లో చిన్న పుండు లేచింది. నొప్పి లేదు. వేడి చేసిందని పసరు పూసుకుంది. తర్వాత మందుల షాపు బిళ్లలు వాడింది. ఈలోపు కాఫీ పళ్లు ఏరే పని వచ్చింది. "పళ్లు అయ్యాక వెళ్దాంలే" అన్నది నేనే. ముద్ద మింగలేని రోజు వచ్చాకే విశాఖ బస్సు ఎక్కించాను. "ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" అని డాక్టరు అడిగారు. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మరుసటి ఏడు పంట ఆమె చూడలేదు.

అడ్డపొగ మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి వైద్యులు 1971లోనే దాని మీద వ్యాసం ప్రచురించారు. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. చర్మం తెల్లబారుతుంది, ఎర్ర చుక్కలు వస్తాయి, కొందరికి అది క్యాన్సర్ అవుతుంది. మామూలు చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సారా కూడా ముప్పే.

గుర్తు పెట్టుకోవలసిన లెక్క ఒక్కటే: రెండు వారాలు. మామూలు నోటిపూత, పన్ను గీరుకున్న పుండు ఆలోపు మానిపోతాయి. మానకపోతే డాక్టరుకు చూపించాలి. పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోట్లో గానీ మెడ మీద గానీ గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, తిమ్మిరి, రక్తం, మింగడం కష్టం, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఇవన్నీ చూపించుకోవలసినవే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. కాఫీ మొక్కకు కాండం తొలిచే పురుగు పడితే ఆకు వాలేదాకా ఆగుతామా?

ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. ఆ పరీక్ష లేకుండా జబ్బేమిటో ఖాయంగా తెలియదు. తొందరగా దొరికితే చిన్న ఆపరేషన్‌తోనే బయటపడేవాళ్లు ఉన్నారు.

ముందు ఆశా కార్యకర్తకు చెప్పండి, పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడి నుంచి అవసరమైతే విశాఖ కేజీహెచ్‌కు గానీ, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ పంపుతారు. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

ముప్పై దాటిన వారందరికీ నోటి పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. అది కాగితం మీద ఉంటే చాలదు. సంత రోజున సంతలోనే చెయ్యాలి, విశాఖకు పంపినవారికి దారి ఖర్చు ఇవ్వాలి. ఇది కూడా మన డిమాండ్లలో రాయండి.

ఈ రాత్రి ఇంటికెళ్లాక మీ అమ్మను, అత్తను నోరు తెరవమనండి. సెల్‌ఫోన్ లైటు వేసి అంగిలి చూడండి. పుండు కనబడితే పంట పని అయ్యాక అనకండి. నేను అన్నాను, అది చాలు.