కణంలోకి పోయిన ప్లాటినం ఏం చేస్తుంది? (మధ్యలో మన పసుపు ముచ్చట కూడా)

అంకాపూర్ అనగానే చాలామందికి నాటుకోడి కూర గుర్తొస్తది. మాకు మాత్రం ముందు పసుపే. అందుకే ఇక్కడ ఎవరికన్నా క్యాన్సర్ అని తెలిస్తే, చుట్టాలు అడిగే మొదటి మాట: "పసుపులోనే మందు ఉందట కదా, కీమో ఎందుకు?" ఈ మాట నమ్మి కీమో మానేస్తే పోయేది ప్రాణం. అందుకే ఈరోజు కీమో సీసాలో ఉండే ఒక లోహం గురించి చెప్తాను. ప్లాటినం. అవును, నగల షాపులో దొరికేదే.

మందు పేరు సిస్‌ప్లాటిన్. 1845లోనే ఇటలీ రసాయనవేత్త మికేలే పేరోనే దీన్ని తయారుచేశాడు, కానీ మందని ఎవరికీ తెలియదు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలోకి కరెంటు పంపితే, అవి రెండుగా చీలడం మానేసి దారాల్లా 300 రెట్ల దాకా సాగాయి. కారణం కరెంటు కాదు, ప్లాటినం కడ్డీల నుంచి ద్రావణంలోకి దిగిన పదార్థం! 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అణువులో నడుమ ప్లాటినం, ఒక పక్క రెండు అమ్మోనియాలు, ఇంకో పక్క రెండు క్లోరైడ్‌లు. మన రక్తంలో ఉప్పు ఎక్కువ, క్లోరైడ్ సుమారు 100 మిల్లీమోలార్. అంత క్లోరైడ్ చుట్టూ ఉంటే మందులోని క్లోరైడ్‌లు ఊడి రావు. కణం లోపల క్లోరైడ్ బాగా తక్కువ. అక్కడికి పోగానే అవి ఊడి, ఆ చోట నీళ్లు చేరతాయి. ఇక ప్లాటినానికి చేతులు ఖాళీ. డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానిన్‌లను పట్టుకుంటుంది, డీఎన్‌ఏ వంగిపోతుంది. కణం దాన్ని బాగుచేసుకోలేకపోతే చచ్చిపోతుంది. నాకైతే ఇందులో ఉప్పు తేడానే తాళంచెవి కావడం భలే అనిపిస్తుంది.

కానీ కణం ఊరుకోదు. గ్లూటాథయోన్ అనే గంధకమున్న పదార్థం డీఎన్‌ఏ కన్నా ముందే ప్లాటినాన్ని పట్టేస్తుంది. రాగిని బయటికి తోసే పంపులు దీన్నీ తోసేస్తాయి. కొందరికి మందు పనిచేయకుండా పోవడానికి ఇవీ కారణాలే. పైగా ఇది మంచి కణాలనూ వదలదు. కిడ్నీలు, చెవులు దెబ్బతింటాయి, అందుకే సెలైన్ బాగా ఎక్కిస్తారు. అల్యూమినియం తగిలితే మందు పాడవుతుంది కాబట్టి ఆ లోహమున్న సూదులు కూడా వాడరు.

ఇంత చెడ్డదైతే ఎందుకు అంటారా? మన యువరాజ్ సింగ్‌కు 2012లో అమెరికాలో చికిత్స చేసిన డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్, 1970లలో ఈ సిస్‌ప్లాటిన్‌తోనే వృషణాల క్యాన్సర్ చికిత్స రూపమే మార్చేశాడు.

మరి పసుపు? అందులో కర్క్యుమిన్ కొద్ది శాతమే, అదీ రక్తంలోకి సరిగా ఎక్కదు. కానీ దాంట్లోని రెండు ఆక్సిజన్‌లు లోహాన్ని పట్టుకోగలవు. బెంగళూరు ఐఐఎస్‌సీలో కర్క్యుమిన్‌ను ప్లాటినంకు జోడించి, వెలుతురు పడితే విడిపోయేలా చేసి కణాలపై పరీక్షించారు. ఇది ల్యాబ్ ముచ్చట, ఇంట్లో తాగే కషాయం ముచ్చట కాదు.

కూరలో పసుపుతో పేచీ లేదు. కర్క్యుమిన్ క్యాప్సూల్స్ ఏమన్నా వేసుకుంటుంటే, ఆ డబ్బా తీసుకపోయి కీమో ఇచ్చే డాక్టర్‌కు చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కార్బోప్లాటిన్ కిడ్నీల మీద ఎందుకు కొంచెం దయ చూపిస్తుందో చూద్దాం.