మెయిల్ వెళ్లింది, జాడేదీ?

"మంగళవారమే మెయిల్ పెట్టానండీ, వాళ్లేమో అందలేదంటున్నారు" అని అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒకావిడ ఫోన్. సిస్టమ్ అడ్మిన్ సర్వర్ లాగ్ వెతికితే ఒక్క వరుసా కనబడదు. అంతమాత్రాన ఆవిడ పంపలేదని తేల్చెయ్యకూడదు.

చాలా ఆఫీసుల్లో ఉండే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌నే తీసుకుందాం. మెయిళ్ల రాకపోకలన్నీ అది ట్రాకింగ్ లాగ్‌లో రాసుకుంటుంది. మనం సెట్టింగ్ మార్చకపోతే ఆ రాతలు 30 రోజులుంటాయి. అయితే ఇక్కడో మెలిక ఉంది. లాగ్ ఫోల్డరుకు 1000 మెగాబైట్ల హద్దు కూడా ఉంది. రద్దీ ఆఫీసులో అది ముందే నిండితే, గడువు తీరకపోయినా పాత ఫైళ్లు చెరిగిపోతాయి. 30 రోజుల మాట నమ్ముకుని చాలామంది దీన్ని పట్టించుకోరు.

తర్వాత గడియారం. లాగ్ ఫైళ్లలో సమయం యూటీసీలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు వెళ్లిన మెయిల్ అక్కడ మంగళవారం రాత్రి 10:30 కింద ఉంటుంది. బుధవారం ఫైలు ఎంత తిరగేసినా దొరకదు మరి!

సర్వర్లు రెండు మూడుంటే దేని లాగ్ దానిదే, అన్నిటిలోనూ వెతకాలి. వెతికే ఆదేశం మామూలుగా 1000 ఫలితాల దగ్గర ఆగిపోతుంది, ఆ పరిమితి ఎత్తెయ్యండి.

అన్నట్టు, వీటన్నిటికంటే ముందు ఆవిడ కంప్యూటర్లో ఔట్‌బాక్స్ తెరిచి చూడండి. బరువైన అటాచ్‌మెంటుతో మెయిల్ అక్కడే చిక్కుకుంటే, సర్వర్ దాని మొహమే చూసి ఉండదు.