హైటెక్ సిటీ సభలో డివిజన్ రింగులు

2010 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గరి అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ప్రపంచ గణితవేత్తల మహాసభ జరిగింది. మన దేశంలో ఆ సభ జరగడం అదే మొదటిసారి. అక్కడ ప్రసంగించిన వాళ్లలో రామన్ పరిమళ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వేనపల్లి సురేశ్ ఉన్నారు.

వీళ్లిద్దరి పనికి సంబంధించిన డివిజన్ రింగులంటే ఏమిటో ముందు చూద్దాం. మామూలు సంఖ్యల్లో ఏది ముందు రాసి గుణించినా జవాబు ఒకటే. 1843లో హామిల్టన్ కనిపెట్టిన క్వాటర్నియన్లలో అలా కాదు. వాటిలో ఐ, జే, కే అనే ప్రత్యేక సంఖ్యలుంటాయి. ఐని జేతో గుణిస్తే కే వస్తుంది, జేని ఐతో గుణిస్తే మైనస్ కే. అయినా సున్నాతో తప్ప దేనితోనైనా భాగించవచ్చు. ఇలాంటివే డివిజన్ రింగులు.

వీటి లోగుట్టు తెలుసుకోవడానికి వాల్యుయేషన్ అనే కొలత కావాలి. 50ని 5తో రెండుసార్లు భాగించవచ్చు కాబట్టి 5 లెక్కన దాని విలువ 2. 7 లెక్కన 0. ఇప్పుడు సంఖ్యల బదులు ఒక తలం మీది ప్రమేయాలను తీసుకోండి. ప్రధాన సంఖ్యల చోటికి ఆ తలం మీది వక్రరేఖలు వస్తాయి. జ్యామితి అడుగుపెట్టేది ఇక్కడే! డివిజన్ రింగు ఏయే వక్రాల వెంట మామూలుగా కాక తేడాగా ప్రవర్తిస్తుందో, ఆ వక్రాలు ఎక్కడ ఖండించుకుంటాయో చూస్తే దాని స్వభావం చాలావరకు తేలిపోతుంది. ఇంత అందమైన వంతెన బీజగణితంలో అరుదని నా అభిప్రాయం.

1997లో గణితవేత్త డేవిడ్ సాల్ట్‌మన్ ఈ దారిలోనే పి-యాడిక్ వక్రాల (పి అనే ప్రధాన సంఖ్య వాల్యుయేషన్‌తో దూరాన్ని కొలిచే సంఖ్యల మీది వక్రాల; వీటినీ ఒక రకం తలాలుగా చూడవచ్చు) మీది డివిజన్ రింగుల పరిమాణానికి హద్దు కట్టారు. పరిమళ, సురేశ్ ఇవే ఆలోచనలతో మరింత ముందుకెళ్లి వర్గరూపాలను, అంటే ప్రతి పదంలోనూ ఒక చరరాశి వర్గమో రెండు చరరాశుల లబ్ధమో ఉండే సమాసాలను, పట్టుకున్నారు. పి బేసి ప్రధాన సంఖ్య అయితే, ఆ వక్రాల మీది ప్రమేయాలతో ఏర్పడే క్షేత్రాల్లో 9 చరరాశుల వర్గరూపం ఏదైనా సరే, అన్నీ సున్నాలు కాని ఏవో కొన్ని విలువలకు సున్నా అయి తీరుతుందని నిరూపించారు. 8 చరరాశులకు ఆ హామీ లేదు.