అటక దింపే ముందు



ఇల్లు అందంగా ఉండాలన్న కోరిక లేని ఇల్లాలు ఉండదు కదూ! నాకూ ఉంది. ఆ కోరికతోనే ఒక పొరపాటు చేశాను.

నాలుగేళ్ల కిందట ఆమదాలవలసలో మా ఇంటికి రంగులు వేయించాం. ముందుగదిలోకి గాజుతలుపుల షోకేసు కొన్నాం. సామానంతా సర్దేద్దామని అటక దింపించాను. అత్తగారు కాపరానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి బిందె ఒకటి, కంచు చెంబులు రెండు, చిలుము పట్టి నల్లగా కనిపించాయి. పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాను. ఆ డబ్బుతో ప్లాస్టిక్ పువ్వులూ, పింగాణీ హంసలూ తెచ్చి షోకేసు నింపాను. అత్తగారు "నీ ఇష్టమమ్మా" అన్నారు, అంతే. ఆ "అంతే" ఏమిటో నాకప్పుడు తెలియలేదు.

తరువాత ఒక పెళ్లికని నరసన్నపేట దాటి సారవకోట వైపు వెళ్లాం. బుడితి దగ్గరేనంటే చూసొద్దామన్నాను. కంచరివారి పని మీరెప్పుడైనా చూశారా? అచ్చులో పోతపోసిన చెంబుని ఒక పెద్దాయన ఆకురాయితో రుద్ది నునుపు చేస్తున్నాడు. పక్కనే ఇంకొకాయన కూజా మెడ చుట్టూ పూలతీగ చెక్కుతున్నాడు. ఇత్తడంటే రాగీ, జింకూ. కంచంటే రాగీ, తగరం. మెట్రిక్‌లో చదివిన ముక్కే, కానీ చేతిలో పట్టి తేడా చూసింది ఆరోజే. పెద్దాయన కంచు చెంబు అంచుని గోటితో మీటి "విను తల్లీ" అన్నాడు. గుడిగంటలా మోగింది. "మీ ఇంట్లో పాతవుంటే పారేయకండి. మెరుగుపెడితే కొత్తవాటికన్నా బాగుంటాయి" అన్నాడు. నేనేం చెప్పను! ధర అడిగి, బేరమాడే మొహం కూడా లేక, చిన్న కంచు చెంబు ఒకటి కొనుక్కుని వచ్చేశాను.

అప్పట్నించీ ఏ ఊరు వెళ్లినా ఇంటికి పనికొచ్చేది అక్కడేం తయారవుతుందని చూస్తున్నాను. మా స్టేషన్లో రైలెక్కి దూసి దాటితే పొందూరు. ఇంత దగ్గరుండి నేనెప్పుడూ నేతవారి ఇంటి గడప తొక్కలేదంటే నమ్ముతారా? అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లకి చెత్తంతా పోయి దూది వెన్నలా తేలుతుంది. ఆ దూదితో ఆడవాళ్లే చరఖా మీద దారం తీస్తారు. అంత పనిని కిటికీకి కట్టడమా అని మొదట మనసొప్పలేదు. కాస్త ముతక రకం తీసుకుని పరదాలు కుట్టించాను. పొద్దుటి ఎండ వాటిలోంచి వడగట్టినట్టు వస్తుంది.

మీరూ తెచ్చుకుంటే ఒకటి మరిచిపోకండి. ఖద్దరుని కుట్టించే ముందు ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి ఆరెయ్యండి. లేకపోతే మొదటి ఉతుకులోనే జానెడు పైకి పోతుంది. నా మొదటి పరదా అలాగే పోయింది.

ఏటికొప్పాక అంకుడుకర్ర బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, మన షోకేసుల్లో చోటు ఇంకా రావాలి! లక్కపూత కనక ఎండలో పెట్టకండి, తడిగుడ్డ తగలనీయకండి. ఇత్తడికి చింతపండు చాలు. తోమగానే పొడిగుడ్డతో తుడవాలి, నీటిచుక్క నిలిస్తే మరక పడుతుంది. పూలు పెట్టాలంటే లోపల గాజుగ్లాసు దింపి అందులో నీళ్లు పొయ్యండి.

షోకేసులో హంసలన్నీ తీసేసి అరకి రెండు వస్తువులే ఉంచాను. మధ్య అరలో బుడితి చెంబు. ఆ సాయంత్రం అత్తగారు దాన్ని తీసి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నారు. "మనదాని గొంతు ఇంకొంచెం లావుగా ఉండేది" అని, జాగ్రత్తగా తిరిగి అక్కడే పెట్టారు.