పీడకలని కాగితం మీద పెట్టండి

ఈ రోజు టాపిక్ కొంచెం బరువైనది. అయినా చివరిదాకా వినండి.

మాది ముండ్లమూరు. డిగ్రీ రెండో ఏడులో చదువు ఆపేసి ఇంటికొచ్చినప్పుడు నాకు రోజూ ఒకటే కల. ఎండిపోయిన బావి. నేను అడుగున ఉన్నా. పైన అందరూ మాట్లాడుకుంటున్నారు, నేనెంత అరిచినా ఎవరికీ వినపడదు. మూడింటికి మెలకువ వచ్చేది, ఇంక నిద్ర ఉండదు. అన్నం సయించదు. స్నానం చేయాలన్నా కొండెక్కినంత పని. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వాళ్లకి తెలిసిన దారి అది, నేను తప్పుపట్టను.

ఒక రాత్రి పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని పాత నోట్‌బుక్‌లో ఆ బావిని గీశా. బొమ్మ బాగా రాలేదు. కానీ అప్పటిదాకా నా లోపల ఉన్న కల మొదటిసారి నా ఎదురుగా ఉంది. అట్లా నలభై బొమ్మలయ్యాయి. పరుపు కింద దాచా. ఒకరోజు అమ్మ చూసింది.

"ఏంది నాయనా ఇది? ఈ కింద ఉంది నువ్వేనా?"

"ఊ" అన్నా. ఆర్నెల్లు నేను చెప్పలేనిది ఆ బొమ్మ చెప్పేసింది. మరుసటి వారమే నాన్న ఒంగోలు తీసుకెళ్లి సైకియాట్రిస్టుకి చూపించారు.

ఇట్లా చేసింది నేనొక్కణ్ణే కాదు. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లోనే, బల్ల మీద తలవాల్చి నిద్రపోయే మనిషి చుట్టూ గుడ్లగూబలు, గబ్బిలాలు ముసురుకున్న బొమ్మ అచ్చువేశాడు. మన తెలుగులో కవి అజంతా ఉన్నారు. చావూ, భయమూ, కలలూ ఆయన కవిత్వం నిండా ఉంటాయి. ఆయన 'స్వప్నలిపి'కి 1997లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చీకటి గురించి రాస్తే ఎవరూ చదవరని అనుకోకండి.

ఇంకో మాట. "మందులు వాడితే నా ఆర్ట్ పోతుంది" అని చాలామంది అంటారు. నేనూ అన్నా. 1893లో 'ది స్క్రీమ్' వేసిన మంక్ సంగతి చూడండి. 1908లో మనసు పూర్తిగా దెబ్బతిని, కోపెన్‌హాగన్‌లో క్లినిక్‌లో చేరాడు. నెలల తరబడి వైద్యం చేయించుకున్నాడు. బయటికొచ్చాక ఓస్లో యూనివర్సిటీ హాలు కోసం ఉదయించే సూర్యుణ్ణి ఇంత పెద్దగా వేశాడు. 80 ఏళ్లు బతికాడు. బొమ్మ వేసింది జబ్బు కాదు, మనిషి.

మీరు చేయాల్సింది చిన్నదే. దిండు పక్కన కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. లేవగానే గీయండి. అందంగా ఉండక్కర్లేదు, ఇన్‌స్టాలో పెట్టక్కర్లేదు. తర్వాత పగలు, మెలకువలో, ఆ కలకి ముగింపు మార్చి ఇంకో బొమ్మ వేయండి. పీడకలలకి డాక్టర్లు చేయించే ఒక థెరపీలోనూ ఇదే పద్ధతి, కలని మార్చి మనసులో మళ్లీ మళ్లీ చూసుకోమంటారు. నేను నా బావికి మెట్లు గీశా. కల పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు మెట్లున్నాయని తెలుసు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బొమ్మ తోడు మాత్రమే, వైద్యం కాదు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే గీస్తూ ఒంటరిగా కూర్చోవద్దు. ఇంట్లో ఒకరిని లేపండి. టెలీ మానస్ నంబర్ 14416. ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు కాకపోయినా, మీ ఫ్రెండ్‌కి పనికొస్తుంది.

మళ్లీ కలుద్దాం. జాగ్రత్త.